బరువు కింద దిగిపోయిన రెండు టన్నుల ఫ్లోర్ జాక్: ఒక కేస్ స్టడీ

ఇంటి దగ్గర సొంతంగా వాహనం పనులు చేసుకునేవారు తెచ్చే ఫ్లోర్ జాక్‌లను (నేల మీద దొర్లించి, ఆయిల్ పీడనంతో బండిని ఎత్తే పరికరాలను) విప్పి బాగుచేయడం నా వృత్తిలో ఒక భాగం. వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినిపించేది ఒకటే: ఎత్తుతోంది గాని నిలబడడం లేదు. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. అయితే ఇందులో నేను మొదటిసారి చేసిన నిర్ధారణ సగమే సరైనది; మిగతా సగాన్ని పట్టుకోవడానికి జాక్‌ను రెండోసారి విప్పవలసి వచ్చింది. పైగా యజమాని నన్ను అడిగింది మరమ్మతు గురించి కాదు, కొత్తది ఎన్ని టన్నులది కొనాలన్న విషయం. దానికి జవాబు కొంత జాక్ లోపలా, కొంత ఆయన వాహనం నిలిచే నేల మీదా దొరికింది కాబట్టి మరమ్మతును, ఎంపికను విడదీయకుండా రాస్తున్నాను.

ఫిర్యాదు, యజమాని అనుమానం

జాక్ 2 టన్నుల సామర్థ్యం ముద్ర ఉన్న ఉక్కు ఫ్లోర్ జాక్; సుమారు నాలుగేళ్లుగా వాడుకలో ఉంది. మొదట్లో దానితో ఒక చిన్న కారు పనులు మాత్రమే చేసేవారు. ఆ కారు ఇప్పటికీ ఉంది గాని, దానికి తోడు 1,900 కిలోల బరువున్న ఎస్‌యూవీ వచ్చి చేరింది. ఎస్‌యూవీ ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి ఒక పక్క ఎత్తి, చక్రం తీసి, కాలిపర్ బోల్టులు విప్పుతుండగా బండి మెల్లగా కిందికి రావడం ఆయన గమనించారు. ఎత్తిన బండిని కింద నుంచి నిలిపి ఉంచే జాక్ స్టాండ్ పెట్టలేదు. తీసిన చక్రాన్ని మాత్రం ఎప్పటి అలవాటు ప్రకారం బాడీ అంచు కిందికి తోసి ఉంచడం వల్ల బండి దాని మీద ఆగింది. బ్రేక్ డిస్క్ నేలను తాకలేదు, ఆయన చేతికీ దెబ్బ తగలలేదు.

"బండి రెండు టన్నులకు దగ్గరగా ఉందండి, జాక్ కూడా రెండు టన్నులదే. అందుకే మోయలేకపోతోంది. మూడు టన్నులది కొంటే సరిపోతుందా?" అని అడిగారు.

ఈ అనుమానం సహజమే గాని లెక్కకు నిలవదు. ఇంజిన్ ముందున్న వాహనంలో ముందు ఇరుసు మీద సగం కంటే కొంచెం ఎక్కువ బరువు ఉంటుంది. ఈ ఎస్‌యూవీలో అది దాదాపు 1,050 కిలోలు. ముందు క్రాస్ మెంబర్ (బండి అడుగున అడ్డంగా ఉండే దూలం) కింద జాక్ పెట్టి రెండు చక్రాలనూ ఒకేసారి లేపినా సాడిల్ (బండికి ఆనే జాక్ తల) మీద పడేది అంతే, ఒక పక్క మాత్రమే ఎత్తితే ఇంకా తక్కువ. అంటే ముద్రలో చెప్పిన సామర్థ్యంలో సగం దాటి కొంచెం పని మాత్రమే ఆ జాక్ చేస్తోంది. అదీగాక, బరువు నిజంగా మితిమీరితే జాక్‌లోని ఓవర్‌లోడ్ వాల్వ్ తెరుచుకొని ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి పంపుతుంది. హ్యాండిల్ కొడుతున్నా సాడిల్‌ను మోసే ఆర్మ్ పైకి కదలదు. ఈ జాక్ ఏ ఇబ్బందీ లేకుండా ఎత్తి, ఆ తర్వాత దిగిపోయింది. కాబట్టి సామర్థ్యాన్ని పక్కన పెట్టి, ఎత్తిన తర్వాత ఆయిల్ ఏ దారిన వెళ్లిపోతోందో వెతకాలి.

లోపల ఎంత పీడనం ఉంటుందంటే

ఫ్లోర్ జాక్‌లో సాడిల్ మీద ఉన్న బరువు నేరుగా రామ్ (ఆయిల్ తోస్తే సిలిండర్ నుంచి బయటికి వచ్చే ఉక్కు కడ్డీ) మీద పడదు. సాడిల్ లిఫ్ట్ ఆర్మ్ చివర ఉంటుంది. రామ్ ఆ ఆర్మ్‌ను దాని కీలుకు బాగా దగ్గరగా తోస్తుంది. ఈ జాక్‌లో కీలు నుంచి సాడిల్ మధ్య వరకు 400 మి.మీ, కీలు నుంచి రామ్ తోసే పిన్ వరకు 80 మి.మీ. కోణాల తేడాను పక్కన పెట్టి లెక్కిస్తే, సాడిల్ మీద 1,000 కిలోలు ఉన్నప్పుడు రామ్ మీద 5,000 కిలోల బలం పడుతుంది. రామ్ వ్యాసం 40 మి.మీ కాబట్టి వైశాల్యం దాదాపు 12.6 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఆయిల్ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 400 కిలోలు. కారు టైరులో ఉండే గాలి పీడనానికి ఇది దాదాపు 170 రెట్లు.

ఇంత పీడనాన్ని ఆపుతున్నవి ఏమిటని చూస్తే, శనగగింజ కంటే చిన్నవైన రెండు మూడు ఉక్కు గోళీలు, కొన్ని రబ్బరు సీళ్లు. పంప్ పిస్టన్ పైకి లేచినప్పుడు ఒక గోళీ ట్యాంకు నుంచి ఆయిల్‌ను లోనికి రానిస్తుంది. పిస్టన్ కిందికి వచ్చినప్పుడు రెండో గోళీ ఆ ఆయిల్‌ను రామ్ వైపు వదిలి, వెనక్కి రాకుండా దారి మూస్తుంది. మూడోది రిలీజ్ వాల్వ్ గోళీ. హ్యాండిల్ తిప్పినప్పుడు స్క్రూ దాన్ని దాని పీట (గోళీ కూర్చుని దారి మూసే చోటు) మీదికి అదుముతుంది. పీటకూ గోళీకీ మధ్య కంటికి ఆనని నలక చిక్కుకున్నా, అంత పీడనం దాన్ని దారిగా మార్చుకుంటుంది.

మొదటి పరీక్ష, నా తొందరపాటు

జాక్‌ను ఎస్‌యూవీ ముందు క్రాస్ మెంబర్ కింద పెట్టి ఎత్తాను. పరీక్ష జరిగినంతసేపూ రెండు స్టాండ్లను ఎత్తు బిందువులకు (బండిని ఎత్తడానికి దాని అడుగున ఉండే చోట్లకు) 30 మి.మీ దిగువన నిలిపి ఉంచాను. జాక్ పూర్తిగా చేతులెత్తేసినా బండి ఆ 30 మి.మీ మాత్రమే దిగుతుంది. సాడిల్ ఎత్తును స్కేలుతో కొలిచి, 10 నిమిషాల తర్వాత మళ్లీ కొలిస్తే 22 మి.మీ తగ్గింది. ఆర్మ్ నిష్పత్తి ప్రకారం రామ్ 4.4 మి.మీ వెనక్కి వచ్చిందన్న మాట. అంటే దాదాపు 5.5 మిల్లీలీటర్ల ఆయిల్, ఒక చిన్న చెంచాడు. 1,900 కిలోల బండిని కిందికి దించడానికి పది నిమిషాల్లో ఒక చెంచాడు ఆయిల్ జారుకుంటే చాలు.

జాక్ కింద పరిచిన తెల్ల కాగితం మీద ఒక్క చుక్క కూడా లేదు, కాబట్టి లీకు బయటికి కాదు. బరువు మీద ఉన్నప్పుడు హ్యాండిల్ తనంతట తాను పైకి లేవలేదు. రామ్ వైపు గోళీ కారుతుంటే ఆయిల్ వెనక్కి వచ్చి పంప్ పిస్టన్‌ను తోస్తుంది, దానితో హ్యాండిల్ లేస్తుంది. ఇక్కడ అది కదలకుండా ఉంది గనుక ఆ గోళీ బాగానే ఉందని అనుకున్నాను. మిగిలింది రిలీజ్ వాల్వ్, రామ్ సీలు. ఇంతలో యజమాని జాక్ దిగిపోవడం మొదలైనప్పటి నుంచి హ్యాండిల్‌ను రెండు చేతులతో బలంగా బిగిస్తున్నానని చెప్పారు. రిలీజ్ స్క్రూ విప్పి చూస్తే పీట అంచు మీద గోళీ దిగబడిన గుర్తు ఒక పక్కకు ఒరిగి ఉంది, గోళీ మీద చీమ తల పరిమాణంలో తుప్పు గుంటలు ఉన్నాయి. దోషి దొరికిందని అక్కడితో ఆగిపోయాను.

కొత్త గోళీ వేశాను. పీటను సరిచేయడానికి ఒక పాత గోళీని అందులో ఉంచి, ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో ఒక్కటే దెబ్బ తేలికగా వేసి, ఆ గోళీని పారేసి కొత్తది పెట్టాను; ఇది పాత పద్ధతే, రెండో దెబ్బ వేస్తే మాత్రం పీట పాడవుతుంది. లోపలి ఆయిల్‌ను ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి ఒంపి, కిరోసిన్‌తో కడిగి, కొత్త జాక్ ఆయిల్ పోసి పంపించాను.

అప్పుడు రెండు విషయాలు నా కళ్ల ముందే ఉన్నాయి, రెండింటినీ దాటవేశాను. ఒకటి, బరువు లేనప్పుడు ఆర్మ్ దానంతట అది కిందికి దిగడానికి చాలా సేపు పట్టేది. స్ప్రింగులు అలసిపోయాయని అనుకున్నాను. రెండోది గోళీ మీది తుప్పు. శుభ్రమైన ఖనిజ నూనెలో మునిగి ఉన్న ఉక్కు గోళీకి తుప్పు ఎందుకు పడుతుందన్న ప్రశ్న ఆ రోజు నాకు రాలేదు.

గాజు సీసాలో రెండు పొరలు

మూడు వారాలకు జాక్ తిరిగి వచ్చింది. అదే పరీక్షలో ఈసారి 10 నిమిషాలకు 9 మి.మీ దిగింది, హ్యాండిల్ మెత్తగా ఉంది, రామ్ కడ్డీ చుట్టూ పలుచని తడి కనిపించింది. ఈసారి ఆయిల్‌ను గాజు సీసాలోకి ఒంపి రాత్రంతా కదపకుండా ఉంచాను. తెల్లవారి చూస్తే పైన లేత పసుపు రంగు నూనె, అడుగున వేలు మందాన టీ డికాక్షన్ రంగు ద్రవం, రెండింటి మధ్య గీత గీసినట్టు స్పష్టమైన సరిహద్దు. అడుగు ద్రవంలో ఒక చుక్కను నీటిలో వేస్తే కలిసిపోయింది. నూనె అయితే తేలి ఉండేది.

యజమానిని అడిగితే ఏడాది కిందట జరిగింది చెప్పారు. జాక్ పూర్తి ఎత్తుకు వెళ్లడం లేదని, ఆయిల్ తగ్గి ఉంటుందని ఊహించి, ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిల్ పోశారట. "రెండూ ఆయిలే కదండీ" అన్నారు. ఆయనను తప్పుపట్టలేను. మన వాడుకలో దాన్ని బ్రేక్ ఆయిల్ అనే అంటాం, డబ్బా అడిగేటప్పుడూ ఆ మాటే వాడతాం, కాని డాట్ 3, డాట్ 4 రకాల్లో నూనె లేదు. అది గ్లైకాల్ ఈథర్ ఆధారిత ద్రవం. ఖనిజ నూనెతో కలవదు, దానికంటే బరువైనది కాబట్టి అడుగుకు చేరుతుంది. పంపు ఆయిల్‌ను పీల్చుకునేది ట్యాంకు అడుగు నుంచే గనుక గోళీల దగ్గరికి, సీళ్ల దగ్గరికి ముందుగా వెళ్లేదీ అదే. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. గోళీ మీది తుప్పు అలా వచ్చింది. ఇక జాక్ సీళ్లు సాధారణంగా నైట్రైల్ రబ్బరుతో చేస్తారు. అది నూనెను తట్టుకుంటుంది గాని బ్రేక్ ద్రవంలో ఉబ్బి మెత్తబడుతుంది. బ్రేక్ సిలిండర్లలో వాడే ఈపీడీఎం రబ్బరు సంగతి సరిగ్గా తలకిందులు: బ్రేక్ ద్రవంలో క్షేమంగా ఉండి, ఖనిజ నూనె తగిలితే ఉబ్బుతుంది. అందుకే జాక్ ఆయిల్ పొరపాటున బ్రేక్ ట్యాంకులో పడడం ఇంకా ప్రమాదకరం.

నేను కిరోసిన్‌తో కడగడం ఎందుకు సరిపోలేదో కూడా ఇప్పుడు తెలిసింది. గ్లైకాల్ కిరోసిన్‌లో కరగదు, మూలల్లో అలాగే ఉండిపోయింది. ఈసారి అన్ని భాగాలనూ విడదీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగి, గాలి ఊది ఆరబెట్టి, ఆ తర్వాత కొద్దిగా జాక్ ఆయిల్ పోసి తిప్పి పారేశాను.

రామ్ నుంచి తీసిన కప్ సీలును (గిన్నె ఆకారపు రబ్బరు సీలును) కొత్తదాని పక్కన పెడితే తేడా కొలవనవసరం లేకుండానే కనిపించింది. పాతదాని అంచు దళసరిగా, జిగురుగా ఉంది. గోరుతో నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది. ఉబ్బిన సీలు సిలిండర్ గోడను గట్టిగా పట్టుకొని ఆర్మ్‌ను దిగనివ్వలేదు, అదే సమయంలో మెత్తబడిన అంచు పీడనాన్ని ఆపలేకపోయింది. కప్ సీలు పనితనం దాని అంచులోనే ఉంది. 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్న రోజుల్లో ఆయన్ను వేధించింది కూడా పిస్టన్ పక్కల నుంచి ద్రవం కారిపోవడమే. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే, ద్రవపు పీడనమే అంచును గోడకు అదిమేలా తోలు కప్పును అమర్చాడని చెబుతారు. తోలు పోయి రబ్బరు వచ్చింది గాని ఏర్పాటు అదే. ఆ అంచు తిరగబడేలా, అంటే నోరు పీడనం లేని వైపుకు వచ్చేలా సీలును బిగిస్తే జాక్ మొదటి స్ట్రోకు నుంచే పనిచేయదు.

కిట్‌లోని సీళ్లన్నీ మార్చి, గోళీ కూడా మళ్లీ కొత్తది వేసి, ఐఎస్ఓ వీజీ 22 జాక్ ఆయిల్ పోశాను. ఈ అంకె 40 డిగ్రీల సెల్సియస్ వద్ద నూనె చిక్కదనాన్ని సెంటీస్టోక్‌లలో చెబుతుంది. 32 కూడా చాలా జాక్‌లకు సరిపోతుంది, తయారీదారు ఏది చెబితే అది వాడాలి. ఆయిల్ పోసేటప్పుడు ఆర్మ్ పూర్తిగా దిగి ఉండాలి. రామ్ బయట ఉండగా ట్యాంకు నింపితే, అది లోనికి వచ్చేటప్పుడు వెనక్కి వచ్చే ఆయిల్‌కు చోటుండదు. బిరడా దగ్గర పొంగుతుంది, లేదా ఆర్మ్ పూర్తిగా దిగదు. ఆ తర్వాత రిలీజ్ వాల్వ్ తెరిచి, ఫిల్లర్ బిరడా వదులు చేసి, హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి పదిహేను సార్లు కొట్టి గాలి తీశాను. వాల్వ్ మూసి ఎత్తి, దించి, మట్టం మళ్లీ చూసి బిరడా బిగించాను. మెత్తదనం పోయింది. 10 నిమిషాల పరీక్షలో సాడిల్ 1 మి.మీ దిగింది. ఇంత తక్కువ దిగడం హైడ్రాలిక్ జాక్‌కు లోపం కాదు. వాహనాన్ని స్టాండ్ల మీద నిలపమని చెప్పడానికి ఇదే కారణం.

అసలు ఆయిల్ ఎందుకు తగ్గిందన్నది మిగిలింది. ఆయన జాక్‌ను చోటు కలిసి వస్తుందని నిలువుగా గోడకు ఆనించి ఉంచేవారు. ఫిల్లర్ రంధ్రాన్ని మూసే రబ్బరు బిరడా గట్టిపడి ఉంది, ఆ భంగిమలో నెలల తరబడి దాని పక్కనుంచి ఆయిల్ చెమర్చింది. గోడ అడుగున నల్లటి మరక ఉందని తర్వాత ఫొటో తీసి పంపించారు.

సాడిల్ చెప్పిన సంగతి

సీళ్లతో కేసు ముగిసేదే గాని, ఎస్‌యూవీ డోర్ల కింద అంచు వెంట ఉండే రేకు మడత మీద పెయింట్ లేచిపోయి, దాదాపు 18 మి.మీ పొడవున మెరిసే గీత కనిపించింది. సాడిల్ బరువు మీద ఉండగా జారిందని దాని అర్థం. కారణం కోసం జాక్‌ను తిరగేసి చూస్తే ముందు చక్రాల్లో ఒకటి తుప్పుపట్టి తిరగడం లేదు. ఆయన పని చేసేది ఇంటర్‌లాకింగ్ బ్లాకులు పరిచిన నేల మీద, చక్రాలు ఆ సందుల్లో ఆగిపోతాయి.

లిఫ్ట్ ఆర్మ్ కీలు చుట్టూ తిరుగుతుంది కాబట్టి సాడిల్ నిట్టనిలువుగా లేవదు, వృత్తఖండం మీద లేస్తుంది. ఈ జాక్‌లో పూర్తి ఎత్తుకు వెళ్లేసరికి అది 60 మి.మీకి పైగా వెనక్కి జరుగుతుంది. వాహనం అడ్డుదిమ్మెలతో కదలకుండా ఉంది గనుక ఆ దూరమంతా జాకే బండి కిందికి దొర్లాలి. దొర్లలేకపోతే సాడిల్ జారుతుంది, లేదా బండిని తనవైపు లాగుతుంది. జాక్ చక్రాలు ఉన్నది గ్యారేజీలో తోసుకుంటూ తిరగడానికే అనుకునేవారు చాలామంది. ఎత్తుతున్నప్పుడే వాటితో అసలు పని.

దీనికి తోడు సాడిల్ మీద 90 మి.మీ చెక్క దిమ్మె పెట్టి ఎత్తుతున్నారు. దిమ్మె తెప్పించి చూస్తే సాడిల్ పళ్ల గుర్తులు మూడు చోట్ల ఉన్నాయి, ఈనె వెంబడి ఒక బీట మొదలైంది. దిమ్మె ఎందుకు కావలసి వచ్చిందో కొలతలు చెప్పాయి. ముందు చక్రం వెనుక ఎత్తు బిందువు మామూలుగా నేల నుంచి 250 మి.మీ. ఎత్తడం మొదలుపెట్టాక సస్పెన్షన్ వేలాడుతుంది గనుక చక్రం నేల వదలడానికి బాడీ 130 మి.మీ లేవాలి. స్టాండ్ దూర్చడానికి, గాలి నిండిన టైరు ఎక్కించడానికి మరో 40 మి.మీ. మొత్తం 420. జాక్ గరిష్ఠ ఎత్తు 350. యజమాని అనుకున్నట్టు జాక్‌కు లోటు ఉన్నమాట నిజమే, కాని అది టన్నుల్లో కాదు, మిల్లీమీటర్లలో.

కొత్త జాక్ ఎంపిక

చివరికి ఆయన 3 టన్నుల జాకే కొన్నారు. సాధారణంగా గరిష్ఠ ఎత్తు, ఫ్రేమ్ పొడవు, చక్రాల వెడల్పు సామర్థ్యంతో పాటే పెరుగుతాయి, 500 మి.మీ దాకా ఎత్తేవి ఆ తరగతిలో దొరికాయి. పాత 2 టన్నుల జాక్ చిన్న కారుకు మిగిలింది. దానికి ముందు ఆ కారు ఒక టైరులో గాలి పూర్తిగా తీయించి ఎత్తు బిందువు కొలిపించాను: 145 మి.మీ. జాక్ కనిష్ఠ ఎత్తు 135. దూరుతుంది, అంతే. ఈ కొలత చాలామంది గాలి ఉన్న టైరుతో తీసుకుని, పంక్చరైన రోజున జాక్ బండి కిందికి పోక ఇబ్బంది పడతారు.

కొనేటప్పుడు నేను ముందుగా అడగమన్న ప్రశ్న: దీనికి సీల్ కిట్ విడిగా దొరుకుతుందా? దొరకని జాక్ ఎంత దళసరి రేకుతో చేసినా నాలుగైదేళ్లలో పాత ఇనుము కింద జమ అవుతుంది. దొరికే జాక్ ఒక పూట పనితో మళ్లీ నిలబడుతుంది. అమెరికా ఏఎస్ఎంఈ పీఏఎస్ఈ, ఐరోపా ఈఎన్ 1494 వంటి ప్రమాణాల పేరు లేబుల్ మీద ఉంటే మంచిది, అయితే లేబుల్ చూసి ఊరుకోకుండా చేత్తోనూ పరీక్షించాలి. ఖాళీగా పూర్తి ఎత్తుకు లేపి సాడిల్‌ను పక్కలకు ఊపితే ఆర్మ్ కీలు దగ్గర ఆట ఎంతుందో తెలుస్తుంది. హ్యాండిల్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ దించి చూడాలి. బరువు మీద రిలీజ్ వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకునే జాక్‌తో బండిని స్టాండ్ మీదికి మెల్లగా దించడం సాధ్యం కాదు. ఫ్రేమ్ పొడవు కూడా చూడాలి: ముందు బంపర్ కింద నుంచి క్రాస్ మెంబర్ వరకు జాక్ వెళ్లాక హ్యాండిల్ పైకీ కిందికీ ఆడడానికి చోటు మిగలాలి.

అల్యూమినియం జాక్ గురించి ఆయన అడిగారు. తేలిక, మోసుకెళ్లడానికి హాయి, కాని ఉక్కులా ఒక హద్దు కింద ఎన్నిసార్లు బరువు మోసినా అలసిపోని గుణం ఆ లోహానికి లేదు. ఒకే చోట ఉండే జాక్‌కు దాని తేలికదనం పెద్దగా ఉపయోగపడదు కాబట్టి నేను ఉక్కుదే మంచిదన్నాను.

సాడిల్‌కు గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ తీసుకోమన్నాను. రేకు మడత ఆ గాడిలో కూర్చుంటుంది, బరువు మడతకు రెండు పక్కలా పడుతుంది. ఇంజిన్ ఆయిల్ చాంబర్, ఫ్లోర్ రేకు, విద్యుత్ వాహనాల్లో బ్యాటరీ పెట్టె, వీటి కింద జాక్ పెట్టకూడదు. నేల విషయంలో, జాక్ మొత్తం నిలిచి దొర్లేంత పెద్ద 18 మి.మీ ప్లైవుడ్ షీటు ఒకటి, స్టాండ్ల కాళ్ల కిందికి చిన్నవి రెండు కోయించుకున్నారు. వెనుక భాగం ఎత్తేటప్పుడు హ్యాండ్ బ్రేక్‌ను నమ్ముకోవద్దని కూడా చెప్పాను. చాలా వాహనాల్లో అది వెనుక చక్రాల మీదే పనిచేస్తుంది, అవి గాలిలోకి లేచాక బండిని ఆపేది ముందు చక్రాలకు రెండు పక్కలా పెట్టిన దిమ్మెలే.

స్టాండ్లను గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. 2020లో అమెరికాలో ఒక సంస్థ అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను, పంటికి పట్టుకునే కొక్కెం సరిగా కూర్చోక జారే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచారు. బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నింటిని వెల్డింగ్ లోపంతో మళ్లీ వెనక్కి తీసుకున్నారు. బండి దించాక కొక్కెం పంటి లోతులోకి పూర్తిగా దిగిందో లేదో వంగి చూడాలి, కింద పడుకునే ముందు బండిని పక్కనుంచి చేతులతో గట్టిగా తోసి చూడాలి. అడ్డంగా పిన్ను దూర్చే రకమైతే ఈ బాధ లేదు, ఎత్తుల మధ్య దూరం మాత్రం ఎక్కువ.

తర్వాతి పదహారు నెలలు

రెండు జాక్‌లనూ ఇప్పుడు నేల మీద అడ్డంగా, ఆర్మ్ దించి ఉంచుతున్నారు. రామ్ లోపల ఉంటే దాని మెరుగు మీద తేమ చేరదు, సీలు అంచుకు తుప్పు గరుకు తగలదు. ఆర్నెల్లకోసారి చక్రాల ఇరుసులకు, ఆర్మ్ కీలుకు గ్రీజు పెడుతున్నారు. ఆయిల్ మార్చిన తేదీ, దాని రకం రాసిన చీటీని హ్యాండిల్‌కు అంటించాను. ఇంట్లోని బ్రేక్ ద్రవం డబ్బా మీద ఆయనే మార్కరుతో "జాక్‌కు కాదు" అని రాసుకున్నారు. ఓవర్‌లోడ్ వాల్వ్ స్క్రూను మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఫ్యాక్టరీలో అమర్చిన ఆ అమరిక చెదిరితే, జాక్ తన హద్దు ఎక్కడుందో ఎప్పటికీ చెప్పలేదు.

పదహారో నెలలో పాత జాక్‌ను మళ్లీ పరీక్షించాను. చిన్న కారు కింద 10 నిమిషాలకు 1 మి.మీ కంటే తక్కువ దిగింది, గాజు సీసాలోకి ఒంపిన ఆయిల్ మర్నాటికి కూడా ఒకే పొరగా ఉంది. పంప్ పిస్టన్ మెడ దగ్గర మాత్రం వేలికి తగిలేంత తడి మొదలైంది. అక్కడి ఓ-రింగ్ ఒకటి అదనంగా తెప్పించి ఉంచాను, తదుపరి ఆయిల్ మార్పుతో పాటు దాన్నీ మారుస్తాను.